పర్వతాల పుట్టుక (బాలబోధన)

పర్వతాల పుట్టుక భూగోళశాస్త్రంలో చిన్న పిల్లలకు చెప్పే తొలి పాఠాలలో ఒకటి. భూమి లోపలి శక్తుల వలన నేల పైకి లేచుట, ఎండ, గాలి మరియు నీటి వలన ఆ లేచిన నేల అరిగిపోవుట అను రెండు పనులు కలిసి పర్వతాలకు రూపమిస్తాయి. ఆరు నుండి పన్నెండేళ్ల వయసు పిల్లలకు ఈ విషయాన్ని సాధారణంగా దుప్పటి ముడుతలు, ఇసుక కుప్పలు, పిండి ముద్దలు వంటి నమూనాలతో బోధిస్తారు. పైకి చూస్తే పాఠం తేలికగానే ఉంటుంది. అయితే ఏ నమూనా దేనిని చూపుతుందో, దేనిని చూపలేదో ఉపాధ్యాయునికి ముందుగా తెలియకపోతే పిల్లల మనసులో తప్పు చిత్రం నాటుకొని పై తరగతుల వరకు వెంట వస్తుంది. ముఖ్యంగా తెలుగు ప్రాంతాలలో పిల్లలు రోజూ చూసే గుట్టలలో చాలా భాగం పాఠ్యపుస్తకపు బొమ్మలలో వలె ముడుతపడి లేచినవి కావు. చుట్టుపక్కల నేల అరిగిపోగా మిగిలినవి. ఈ తేడాను చెప్పని పాఠం సగం పాఠమే.

పిల్లల ఊహలు

స్విట్జర్లాండుకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త జీన్ పియాజే 1926లో ఫ్రెంచి భాషలో ప్రచురించిన గ్రంథంలో, లోకాన్ని గురించి పిల్లలకు ఉండే భావనలను చర్చిస్తూ, చెట్లు, పర్వతాలు, భూమి ఎట్లు పుట్టాయో పిల్లలు చెప్పిన జవాబులకు ప్రత్యేకంగా చోటిచ్చాడు. పర్వతాలను మనుషులెవరో కట్టారని, రాళ్లను నాటితే అవి పెరిగి కొండలయ్యాయని చిన్న పిల్లలు నమ్మటం ఆయన గమనించాడు. ప్రకృతిలోని ప్రతి వస్తువును ఎవరో ఒకరు ఏదో ఒక అవసరం కోసం తయారుచేశారు అనుకొనుట ఆ వయసుకు సహజమని ఆయన అభిప్రాయం.

తెలుగు పిల్లలు ఇంటిలో వినే కథలు కూడా ఈ పాఠానికి దగ్గరగానే ఉంటాయి. పూర్వం పర్వతాలకు రెక్కలుండేవని, ఇంద్రుడు వాటిని నరికివేశాడని, మైనాకుడు సముద్రంలో దాగినాడని ఒక కథ. ఆకాశాన్ని అడ్డగిస్తూ పెరిగిపోతున్న వింధ్య పర్వతాన్ని అగస్త్యుడు ఆపినాడని మరొక కథ. నంద్యాల జిల్లా యాగంటిలోని బసవన్న విగ్రహం ఏటేటా పెరుగుతున్నదనే నమ్మకం రాయలసీమ పిల్లలందరికీ తెలిసినదే. తరగతి గదిలో వీటిని ఖండించే పని పెట్టుకొనుట వలన ప్రయోజనం లేదు. ఈ కథలన్నింటిలోనూ కొండ కదిలేది, పెరిగేది. కనుక పాఠానికి ప్రవేశంగా ఇవి బాగా పనికివస్తాయి. కథను కథగా ఉంచి, రాతిలో కనిపించే సాక్ష్యాన్ని వేరుగా చూపవలెను. "రాయి పెరుగుతుందా?" అని పిల్లలు తప్పక అడుగుతారు. చెట్టు వలె రాయి తనంతట తాను పెరగదనీ, కింద నుండి గాని పక్క నుండి గాని తోపుడు ఉంటేనే నేల లేస్తుందనీ జవాబు చెప్పితే ఆ వయసుకు చాలును.

శాస్త్రం చెప్పే విషయం

ఖండాలు కదులుతాయని జర్మనీకి చెందిన ఆల్ఫ్రెడ్ వెగెనర్ 1912లో ప్రతిపాదించి, 1915లో గ్రంథ రూపంలో వివరించాడు. వాటిని కదిలించే శక్తి ఏమిటో ఆయన సరిగా చూపలేకపోవుట వలన ఆనాటి శాస్త్రవేత్తలలో ఎక్కువమంది అంగీకరించలేదు. ఆయన 1930లో గ్రీన్‌లాండు మంచు మైదానంలో మరణించాడు. తరువాత సముద్రపు అడుగున జరిగిన పరిశోధనల ఆధారంగా 1960వ దశకంలో పలకల సిద్ధాంతం స్థిరపడింది. దీని ప్రకారం భూమి పై భాగం కొన్ని పెద్ద పలకలుగా, అనేక చిన్న పలకలుగా విడిపోయి ఉన్నది. ఈ పలకలు సంవత్సరానికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున కదులుతాయి. రెండు పలకలు ఢీకొన్న చోట నేల ముడుతపడి, విరిగి, ఒకదానిపైకి ఒకటి ఎక్కి పర్వతాలు లేస్తాయి. నేటి విద్యార్థుల తాతలు, అమ్మమ్మలలో చాలామంది బడికి వెళ్లిన రోజులలో ఈ సిద్ధాంతం పాఠ్యపుస్తకాలలోకి ఇంకా చేరలేదు. ఇంటి పెద్దలు పర్వతాల గురించి వేరే విధంగా చెప్పితే ఆశ్చర్యపడవలసినది లేదు.

భారతదేశం ఒకప్పుడు దక్షిణార్ధగోళంలో గోండ్వానా అనే మహాఖండంలో భాగం. ఈ పేరు మధ్య భారతంలోని గోండుల సీమ పేరు మీదుగా వచ్చింది. ఆదిలాబాదు ప్రాంతపు బడులలో ఈ సంగతి చెప్పితే పాఠం ఒక్కసారిగా పిల్లల సొంతమవుతుంది. గోండ్వానా నుండి విడిపోయి ఉత్తరంగా ప్రయాణించిన భారత పలక సుమారు 5 కోట్ల సంవత్సరాల క్రితం ఆసియాను ఢీకొన్నది. మధ్యలో ఉన్న టెథిస్ సముద్రం మూసుకుపోయి, దాని అడుగున పేరుకున్న పొరలు హిమాలయాలలో భాగమైనవి. 2020లో నేపాల్, చైనా కలిసి ప్రకటించిన లెక్క ప్రకారం 8,848.86 మీటర్ల ఎత్తు గల ఎవరెస్టు శిఖరాగ్రం సున్నపురాయితో ఏర్పడినది. ఆ రాతిలో సముద్ర జీవుల శిలాజాలు ఉన్నవి.

ఇంత దూరపు సాక్ష్యం పిల్లలకు అందదని అనుకోనవసరం లేదు. చాలా ఇళ్ల పూజామందిరాలలో ఉండే సాలగ్రామం నేపాల్‌లోని గండకీ నది నుండి వచ్చిన రాయి. దానిలో కనిపించే చక్రాల గుర్తులు అమ్మోనైట్లు అనబడే, నత్త వలె మెలికలు తిరిగిన గుల్ల గల సముద్ర ప్రాణులవి. ఈ ప్రాణులు ఏనాడో అంతరించిపోయినవి. సముద్రపు అడుగు హిమాలయమైనదని చూపుటకు ఇంతకన్న మంచి బోధనోపకరణం దొరకదు. అయితే పూజలో ఉన్న సాలగ్రామాన్ని పిల్లల చేత తెప్పించుట తగదు. బొమ్మ చూపితే చాలును.

ముడుతల ప్రయోగం

బల్లపై దుప్పటిని పరచి రెండు వైపుల నుండి నెట్టగా ముడుతలు లేచే ప్రయోగం నేడు అన్ని బడులలోనూ చేయిస్తారు. ఇది పిల్లల కోసం కల్పించిన ఆట కాదు. స్కాట్లండుకు చెందిన సర్ జేమ్స్ హాల్ బెర్విక్‌షైర్ తీరపు కొండ చరియలలో వంకర టింకరగా వంగిన రాతి పొరలను చూసి, వాటి కారణం తెలుసుకొనుటకు ఇదే పని చేశాడు. నార, ఉన్ని గుడ్డలను బల్లపై పొరలుగా పరచి, పైన ఒక తలుపు పెట్టి బరువులు ఉంచి, రెండు చివరల నుండి చెక్కలతో నెట్టినాడు. గుడ్డల పొరలు చరియలలోని రాతి పొరల వలెనే వంగినవి. ఈ ప్రయోగాన్ని ఆయన 1812లో ఎడిన్‌బరో రాయల్ సొసైటీలో వివరించగా 1815లో అచ్చయినది. అమెరికాలోని అపలేచియన్ పర్వతాలను అర్థం చేసుకొనుటకు బెయిలీ విల్లిస్ ఇటువంటి ప్రయోగాలనే మైనపు పొరలతో చేసి 1893లో ప్రచురించాడు. ఆయన కూడా పైన సీసపు గుళ్ల బరువు ఉంచాడు.

బరువు సంగతి తరగతిలో తరచు వదిలివేస్తారు. పైన బరువు లేకుండా దుప్పటిని నెట్టితే గుడ్డ గాలిలోకి లేచి లోపల ఖాళీ ఏర్పడుతుంది. పర్వతాల లోపల గుహల వంటి పెద్ద ఖాళీ ఉంటుందని పిల్లలు అనుకొనుటకు ఇదొక కారణం. రెండు మూడు రంగుల తువ్వాళ్లను ఒకదానిపై ఒకటి పరచి, పైన ఒక పలక, దానిపై నాలుగు పుస్తకాలు పెట్టి నెమ్మదిగా నెట్టించవలెను. అప్పుడు ముడుతలు దగ్గరగా, లోపల ఖాళీ లేకుండా పడతాయి. పొరలను చూపుటకు తాపేశ్వరం మడత కాజాను అడ్డంగా కోసి చూపే ఉపాధ్యాయులు కలరు. పిల్లలకు ఇష్టమైన ఉదాహరణే కాని, కాజా పొరలు చుట్టగా వచ్చినవే తప్ప పక్క నుండి నెట్టగా వచ్చినవి కావు. ఆ మాట చెప్పిన తరువాతనే తినుటకు ఇవ్వవలెను.

గుడ్డ వంగుతుంది, విరగదు. భూమి లోతులో వేడి, ఒత్తిడి వలన రాయి నెమ్మదిగా వంగగలదు. పై భాగంలోని చల్లని రాయి మాత్రం విరుగుతుంది. పచ్చి అప్పడపు పిండిని, ఎండిన అప్పడాన్ని పక్కపక్కనే వంచి చూపితే ఈ తేడా క్షణంలో తెలుస్తుంది. రాయి విరిగి జారినప్పుడు భూకంపం వస్తుంది. భారత పలక సంవత్సరానికి సుమారు 5 సెంటీమీటర్లు, అనగా ఇంచుమించు గోరు పెరిగే వేగంతో కదులుతున్నది. అందులో సుమారు 2 సెంటీమీటర్ల మేర ఒత్తిడి హిమాలయాల కింద పేరుకుంటుంది. అది ప్రతిరోజూ కొంచెం కొంచెంగా విడుదల కాక, ఎన్నో ఏళ్లకు ఒకసారి ఒక్క కుదుపులో విడుదలవుతుంది. 2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో 7.8 తీవ్రతతో వచ్చిన భూకంపంలో కాఠ్మండు ప్రాంతం సుమారు ఒక మీటరు పైకి లేచింది. అదే సమయంలో దానికి ఉత్తరాన ఉన్న ఎత్తైన పర్వతాలలో కొంత భాగం కిందికి దిగింది. సుమారు 9,000 మంది మరణించిన ఆ విపత్తులో వేలాది తరగతి గదులు కూలినవి. అది శనివారం, నేపాల్‌లో బడులకు సెలవు దినం. పర్వతాలు ఇప్పటికీ ఏర్పడుతూనే ఉన్నవి అను వాక్యానికి అసలు అర్థం ఇది. పెద్ద పిల్లలకు దీనిని దాచకుండా చెప్పి, భూకంపం వచ్చినప్పుడు బల్ల కింద తల దాచుకొనుట అదే గంటలో నేర్పవచ్చును.

తెలుగు ప్రాంతాలలో 1967లో ఒంగోలు, 1969లో భద్రాచలం, 2024 డిసెంబరు 4న ములుగు సమీపంలో భూకంపాలు వచ్చినవి. ఇక్కడ కొత్త పర్వతాలేవీ లేవటం లేదు. పలక అంచుల వద్ద కలిగే ఒత్తిడి పలక మధ్యలోని పాత పగుళ్ల వరకు చేరుట వలన ఇటువంటివి అప్పుడప్పుడు వస్తాయి.

అగ్నిపర్వతం నమూనా

మట్టితో శంకువు చేసి, అందులో వంటసోడా, వెనిగరు పోసి నురగ పొంగించే నమూనా విజ్ఞాన ప్రదర్శనలన్నింటిలో కనిపిస్తుంది. సంబరం మాట నిజమే కాని ఇది పర్వతం ఎట్లు ఏర్పడినదో చూపదు. శంకువు ముందే తయారై ఉంటుంది, పొంగినది కారిపోతుంది. నిజానికి పొంగినదే గట్టిపడి శంకువు అవుతుంది. ఆ పొంగు కూడా వేడి వలన కలిగినది కాదు, రెండు పదార్థాలు కలిసి బొగ్గుపులుసు వాయువు వెలువడుట వలన కలిగినది. దీనికన్న మెక్సికోలోని పరికుటిన్ కథ చెప్పుట మేలు. 1943 ఫిబ్రవరి 20న ఒక రైతు మొక్కజొన్న చేలో నేల చీలి పొగ, బూడిద, రాళ్లు ఎగజిమ్మినవి. ఏడాది తిరిగే లోపల 300 మీటర్లకు పైగా ఎత్తు గల కొండ తయారైనది. 1952లో అది చల్లారినది. మనుషుల కళ్ల ముందు పుట్టిన కొండలు లోకంలో చాలా అరుదు. భారతదేశంలో రగులుతున్న అగ్నిపర్వతం అండమాన్ సముద్రంలోని బారెన్ దీవి.

లావా అంతా శంకువులుగానే నిలవదు. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం దక్కను పీఠభూమిపై పొడవైన చీలికల నుండి లావా ఉబికి పొరలు పొరలుగా పరచుకున్నది. వికారాబాదు వద్ద మూసీ నది పుట్టే అనంతగిరి కొండలలో ఆ నల్లరాయి, దానిపై ఎర్రని లాటరైటు ఉన్నవి. రాజమహేంద్రవరం సమీపంలో గోదావరికి రెండు వైపులా కూడా ఆ కాలపు లావా పొరలున్నవి. ఇంత లావా ఉన్నా ఫ్యూజియామా వంటి కొండ ఇక్కడ ఎక్కడా లేదు.

ఊరి పక్క గుట్ట

జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి 2006లో తెచ్చి, 2024 వరకు వాడుకలో ఉంచిన ఆరవ తరగతి భూగోళ పుస్తకం పర్వతాలను ముడుత పర్వతాలు, ఖండ పర్వతాలు, అగ్నిపర్వతాలు అని మూడు రకాలుగా చెప్పినది. హిమాలయాలు, ఆల్ప్స్, యూరపులోని వోజ్, కిలిమంజారో, ఫ్యూజియామా అందులోని ఉదాహరణలు. భువనగిరి కోట కింద ఉన్న బడిలో చదివే పిల్లవాడు కిటికీలో నుండి కనిపించే ఆ ఏకశిల ఏ రకమని అడిగితే ఈ మూడింటిలో ఒక్కటీ సరైన జవాబు కాదు. అది అవశిష్ట పర్వతం, అనగా మిగిలిపోయిన కొండ.

తెలంగాణలో ఎక్కువ భాగం నేల కింద ఉన్న గ్రానైటు సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటిది. కరిగిన శిలాద్రవం భూమి లోపల చాలా లోతులో నెమ్మదిగా చల్లారి ఈ రాయిగా గట్టిపడినది. నెమ్మదిగా చల్లారినందుననే దీనిలో తెలుపు, గులాబీ, నలుపు గింజలు కంటికి కనిపించేటంత పెద్దవిగా ఉంటాయి. భూతద్దం ఇచ్చి కంకర ముక్కను చూడమంటే పిల్లలే కనిపెడతారు. ఆనాడు దానిపై ఉన్న కిలోమీటర్ల మందపు రాయి కోట్ల ఏళ్లలో అరిగి, వాగులలో కొట్టుకుపోయినది. పగుళ్లు దగ్గర దగ్గరగా ఉన్న చోట నీరు చొరబడి రాయి త్వరగా మట్టి అయినది. పగుళ్లు తక్కువగా ఉన్న చోట గుండు వలె నిలిచినది. గోలకొండ గుట్ట, హైదరాబాదులో ఒకదానిపై ఒకటి పేర్చినట్లుండే బండలు ఇట్లు ఏర్పడినవే. వాటిని ఎవరో రాక్షసులు పేర్చారని పిల్లలు అనుకొనుటలో వింత లేదు. పెద్దలకూ అట్లే తోస్తుంది.

దీనిని చూపే ప్రయోగానికి ఖర్చు లేదు. ఒక పళ్లెంలో చిన్నా పెద్దా గులకరాళ్లు పేర్చి, అవి కనిపించకుండా తడి ఇసుకతో కప్పి, పళ్లాన్ని కొంచెం వాలుగా ఉంచి చెంబుతో సన్నగా నీరు పోయవలెను. ఇసుక కొట్టుకుపోతున్న కొద్దీ రాళ్లు ఒక్కొక్కటిగా పైకి తేలుతాయి. రాయి పైకి వచ్చినదా, ఇసుక కిందికి పోయినదా అని అప్పుడు అడగవలెను. మూడవ తరగతి పిల్లలు కూడా ఈ ప్రశ్నకు సరిగా జవాబు చెప్పగలరు. జారిన ఇసుక పళ్లెం అంచున పేరుకొనుట చూపి, గోదావరి, కృష్ణా డెల్టాల మట్టి ఎక్కడి నుండి వచ్చినదని అడిగితే పాఠం మరొక అడుగు ముందుకు సాగుతుంది.

తూర్పు కనుమల కథ దీనికి దగ్గరిదే. సింహాచలం, కైలాసగిరి కొండలలోని రాయికి ఖోండలైటు అని పేరు. కోంధు గిరిజనుల పేరు మీదుగా టి.ఎల్. వాకర్ 1902లో ఈ పేరు పెట్టాడు. ఎర్రని గార్నెట్ గింజలు గల ఈ రాయి భూమిలో 20 కిలోమీటర్లకు పైబడిన లోతులో, తీవ్రమైన వేడిలో రూపం మార్చుకున్నది. నేడు అది సముద్రపు ఒడ్డున కొండపై ఉన్నదంటే పైనున్నదంతా అరిగిపోయినదన్న మాట.

ముడుత పర్వతాలు తెలుగు నేలపై లేకపోలేదు. కడప శిలాద్రోణిలో సముద్రపు అడుగున పేరుకున్న పొరలు తూర్పు భాగంలో ముడుతపడి నల్లమల కొండలైనవి. ఆ పొరలలో పాతవి 180 కోట్ల సంవత్సరాలకు పైబడినవి. ద్రోణి పడమటి భాగంలో పొరలు చాలావరకు చదునుగానే నిలిచినవి. ఇళ్లలో నేలకు పరిచే కడప బండలు, బేతంచెర్ల బండలు చదునైన సున్నపురాతి పొరలే. పొర వెంబడి ఉలి పెట్టి కొడితే పలకలుగా విడివడుట దీని వలననే. పిల్లవాడు కూర్చున్న బండ ఒకనాటి సముద్రపు అడుగు, దూరాన కనిపించే నల్లమల అదే ద్రోణిలో ముడుతపడిన భాగం అని చెప్పగలిగిన బడికి హిమాలయాల బొమ్మ తరువాత చూపినా ఇబ్బంది లేదు. తిరుమల కనుమ దారిలో పాత గ్రానైటుపై క్వార్ట్జైటు పొరలు పరచుకొని ఉన్న గీత స్పష్టంగా కనిపిస్తుంది. ఆ రెండింటి నడుమ కోట్లాది సంవత్సరాల ఎడం ఉన్నది. ఆ కాలంలో కింది రాయి అరిగి చదునైనది. దీనిని, కొండపై ఉన్న శిలాతోరణాన్ని భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ జాతీయ భూగర్భ స్మారకాలుగా గుర్తించినది.

కాలాన్ని చూపుట

కోటి అన్న మాట చిన్న పిల్లలకు "చాలా" అన్న అర్థమే ఇస్తుంది. బడి ఆవరణలో ఒక మీటరును కోటి సంవత్సరాలుగా లెక్కించి నడిపించుట మంచి పద్ధతి. గేటు దగ్గర నేడు అని సున్నంతో గీత గీస్తే, హిమాలయాలకు కారణమైన ఢీ 5 మీటర్ల దూరంలో, దక్కను లావా 6.6 మీటర్ల దూరంలో వస్తాయి. కడప ద్రోణి అడుగు పొరలకు 180 మీటర్లు దాటి నడవవలెను. తెలంగాణ గ్రానైటు 250 మీటర్ల దూరాన, భూమి పుట్టుక సుమారు 454 మీటర్ల దూరాన ఉంటాయి. అప్పటికి పిల్లలు ఊరి చివరకు చేరుతారు. మనిషి జాతి పుట్టి గడిచిన కాలం ఈ లెక్కలో 3 సెంటీమీటర్లు మాత్రమే. హిమాలయాలు కుర్రవి, మన గుట్టలు ముసలివి అను సంగతి ఈ నడకతో కాళ్లకు కూడా తెలుస్తుంది.

పై తరగతులకు

పర్వతం అరిగిన కొద్దీ ఎందుకు వెంటనే మాయం కాదు అని ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు అడుగుతారు. భారతదేశపు భూసర్వేలో కల్యాణ్‌పూర్, కలియానా అను చోట్ల నడుమ రెండు పద్ధతులలో తీసిన కొలతలకు కొద్దిపాటి తేడా వచ్చినది. హిమాలయాల ఆకర్షణ తూనికగుండు దారాన్ని పక్కకు లాగుట ఇందుకు కారణమనుకొని కలకత్తాలోని ప్రాట్ లెక్కించగా, రావలసినంత తేడా రాలేదు. పర్వతాలకు తేలికైన రాతి వేళ్లు భూమిలోకి దిగి ఉంటాయని ఎయిరీ 1855లో వివరించాడు. నీటిలో తేలే చెక్కదిమ్మెల దొంతరపై నుండి ఒక దిమ్మె తీసివేస్తే కిందిది కొంచెం పైకి లేస్తుంది. పర్వతమూ అట్లే పైన అరిగిన కొద్దీ కింది నుండి లేస్తుంది.

క్షేత్ర సందర్శన

కొత్తగా కోసిన రాతి ముఖం క్వారీలో బాగా కనిపించినా, పేలుళ్లు జరిపే క్వారీలకు పిల్లలను తీసుకుపోరాదు. రహదారి కోసం కొండను తొలిచిన చోట్లు, పాత కోటల మెట్లు, వాగు ఒడ్డులు చాలును. గ్రానైటు తవ్వకాలు సాగే కరీంనగర్ వంటి ప్రాంతాలలో పిల్లలకు తెలిసిన గుట్ట వారి చదువు ముగిసేలోగానే కరిగిపోవచ్చు. అటువంటి ఊళ్లలో గుట్ట బొమ్మను ఏటా ఒకే చోట నిలబడి గీయించి, తేదీ వేసి బడిలో భద్రపరచుట మంచిది. ఊరి పెద్దలను అడిగి, వెనుక గుట్ట ఎక్కడి వరకు ఉండేదో కూడా ఆ బొమ్మపై చుక్కల గీతతో గుర్తించవచ్చును.